మొండిని ముంచిన కొంగ

స్నేక్ ప్లాంటుని చంపడం అంత తేలిక కాదు. చీకటి మూలలో పడేసినా బతుకుతుంది. నీళ్లు పోయకుండా సెలవులకి వెళ్లిపోయి వచ్చినా, ‘ఏం, అప్పుడే వచ్చేశావా’ అన్నట్టు నిటారుగా నిలబడి చూస్తుంది. నేను ఫార్మసీ చదివినన్నాళ్లూ హాస్టల్లో నా మంచం పక్కన, తడి తువ్వాళ్ల కింద, అది అలాగే బతికింది. అందుకే దానికి మొండి అని పేరు పెట్టాను. అలాంటి మొండిని మా అత్తగారింట్లో ముగ్గురు పెద్దమనుషులు కలిసి చావు అంచుదాకా తీసుకెళ్లారు. అదీ ప్రేమతో! ఇది రాస్తుంటే కూడా నాకు ఒళ్లు మండిపోతోంది.

ముందు ఈ ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే నన్ను గయ్యాళి అనుకుంటారు. నిజానికి ఈ ఇల్లంటే నాకు పిచ్చి ఇష్టం. కింద అత్తయ్య కుట్టు షాపు, పైన మేం. కింద మిషన్ తిరుగుతుంటే పైన గచ్చు సన్నగా వణికి, అరికాళ్లకి చక్కిలిగిలి పెడుతుంది. మా ఆయన లిఫ్ట్ మెకానిక్. ఎంత రుద్ది కడుక్కున్నా చెవి వెనక ఒక గ్రీజు చుక్క మిగులుతుంది. అది తుడిచే ఉద్యోగం నాది, ఎవరికీ ఇవ్వను. బస్సు డ్రైవరుగా రిటైరైన మామయ్య ఇప్పటికీ వంటింటి మలుపు దగ్గర నోటితో హారన్ కొట్టి మరీ తిరుగుతారు. ఆ హారన్ విన్నప్పుడల్లా నాకు నవ్వాగదు.

ఇంత మంచి ఇంట్లో ఒక్కటే రోగం. ‘వద్దు’ అంటే ఎవరూ నమ్మరు.

వచ్చిన కొత్తలో అదీ ముద్దుగానే ఉండేది. చాలు అంటే ఇంకో గరిటె పడేది. టీలో పంచదార వద్దంటే రెండు చెంచాలు. చలి లేదంటే మూడు దుప్పట్లు. ‘కొత్త పిల్ల, మొహమాటపడుతోంది’ అని ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు. పొట్ట పగిలిపోతున్నా మురిసిపోయాను.

అంతలో మా ఆయన అక్క, అంటే మా వదిన, నాకు మొక్కలంటే ఇష్టమని తెలిసి ఒక కానుక పంపింది. నీళ్లు పోసే డబ్బా. ఆకుపచ్చ రంగు, సన్నగా ముందుకు సాగిన పొడుగు ముక్కు, ఆ ముక్కు చివర చిన్న జల్లెడ. వంచితే వానజల్లులా పడుతుంది. దాన్ని చూసి గంతులేశాను. అందరూ దానికి కొంగ అని పేరు పెట్టేశారు. మొక్కలున్నవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే బహుమతి ఉండదని నేనే మెచ్చుకున్నాను. నా నోటికి తాళం వేసుకోవాల్సింది.

ఎందుకంటే ఇంట్లో ఉన్న కుండీ ఒక్కటే, మొండిది. కొంగని ముందు గదిలో దాని పక్కనే పెట్టి అందరికీ స్పష్టంగా చెప్పాను: “దీనికి నీళ్లు వద్దు. నెలకోసారి నేనే పోస్తాను. మీరెవరూ పోయొద్దు.”

“అలాగేనమ్మా,” అన్నారు అత్తయ్య. మామయ్య తలూపారు. మా ఆయన “సరే” అన్నాడు. ఆయన దేనికైనా సరే అంటాడు.

పోయిన శనివారం మందుల షాపులో నా డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి, మొండి ఆకుల మీద దుమ్ము తుడుద్దామని కూర్చున్నాను. ముక్కిన వాసన. కుళ్లిన వాసన. ఒక ఆకు పట్టుకుంటే టీలో నానిన బిస్కెట్టులా మెత్తగా ఊడి చేతిలోకి వచ్చేసింది. ఇంకోటి, ఇంకోటి. మట్టిలో వేలు పెడితే బురద.

నా పెళ్లికి వచ్చిన సామానంతా ఎవరో ఒకరు ఎంచి ఇచ్చినదే. చీరల నుంచి గిన్నెల దాకా. నాతో పాటు నా బతుకులోంచి వచ్చింది మొండి ఒక్కటే.

“దీనికి నీళ్లు పోసిందెవరు?” అని అరిచాను. నా గొంతు అంత గట్టిదని నాకే తెలీదు. కింద మిషన్ ఆగిపోయింది. అత్తయ్య మెడలో టేపుతోనే పైకొచ్చారు. మామయ్య హారన్ లేకుండా వచ్చారు.

“పొద్దున్నే నేను కాస్త పోస్తానమ్మాయ్,” అన్నారు అత్తయ్య. “పాపం డ్యూటీ హడావిడిలో మర్చిపోతావని.”

“పొద్దున్న నువ్వు పోస్తున్నావా?” అన్నారు మామయ్య. “మరి మధ్యాహ్నం నేను పోస్తున్నానే! ఆ కొంగ చేతిలో ఉంటే భలే సరదాగా ఉంటుంది.”

నేను గుమ్మంలో నిలబడ్డ మా ఆయన వైపు తిరిగాను. ఆయన చెవి వెనక గ్రీజు చుక్క ఉంది. తుడవలేదు.

“సాయంత్రం... ఒక్క చిన్న వంపు,” అన్నాడు. “నువ్వు అలిసిపోయి వస్తావుగా.”

“వద్దని చెప్పానా లేదా?”

“చెప్పావమ్మా,” అన్నారు అత్తయ్య నెమ్మదిగా. “కొత్తగా వచ్చిన పిల్ల వద్దనే అంటుంది. నా మొక్కకి నీళ్లు పోయండని నోరు తెరిచి అడుగుతుందా? మేమే కనిపెట్టుకుని చెయ్యాలి.”

అంతే, నాలో ఏదో తెగింది.

“మీ షాపుకొచ్చి ఎవరైనా చేతులు పొట్టిగా కుట్టమంటే, పాపం మొహమాటమనుకుని మణికట్టు దాకా కుట్టిస్తారా అత్తయ్యా? మామయ్యా, స్టాపులో దిగిపోతానన్నవాణ్ని, పర్లేదు కూర్చోండని డిపో దాకా తీసుకెళ్లారా ఎప్పుడైనా?” మా ఆయన వైపు వేలు చూపించాను. “నువ్వు! లిఫ్టులో ఇంతమందికి మించి ఎక్కొద్దని బోర్డు పెడతావే, అది లిఫ్టు మొహమాటమా? మా షాపులో ఒక మాత్ర వేసుకోమంటే మూడు వేసుకునేవాళ్లని చూసి తిడతాను. మా ఇంట్లోనే ఉన్నారు అలాంటివాళ్లు! నాకు కడుపు నిండిందంటే నిండింది. చలి లేదంటే లేదు. నీళ్లు వద్దంటే వద్దు! నా మాట ఈ ఇంట్లో ఎవరికైనా వినబడుతోందా, మిషన్ చప్పుడు అనుకుంటున్నారా?”

మా ఆయన “సరే” అనబోయి నాలిక్కరుచుకున్నాడు.

నేను ఏడుస్తూనే పాత పేపరు పరిచి కుండీ బోర్లించాను. వేళ్లన్నీ గోధుమరంగు గుజ్జు. ఆఖరికి ఒకే ఒక ఆకు మిగిలింది. మొదలు పోయింది కానీ పైన సగం గట్టిగానే ఉంది. కుళ్లు అంటని చోట నున్నగా కోసి, కోసిన అంచు ఆరబెట్టి, పొడి మట్టిలో గుచ్చితే బతకొచ్చు. కూరగాయల చాకు అందుకున్నాను. అది మొద్దు, ఆకుని నలిపేస్తుంది.

అత్తయ్య కిందికి వెళ్లి వచ్చారు. చేతిలో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. ఆ కత్తెరతో మామయ్య ఒకసారి కాగితం కోశారని ఆయనతో వారం పాటు మాట్లాడలేదట. దాన్ని నా ముందుకి చాపారు.

“వద్దత్తయ్యా,” అన్నాను. “పదును పోతుంది.”

ఆమె చెయ్యి గాల్లో ఆగింది. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి, నా వద్దు దగ్గర ఒక చెయ్యి ఆగింది. కత్తెర వెనక్కి తీసుకోబోయి, నా మొహంలోకి చూసి అడిగారు:

“ఇది నిజం వద్దా, మొహమాటం వద్దా?”

ఒళ్లంతా కోపంగా ఉంది. అయినా ఇంత అరిచాక అబద్ధం ఎలా చెప్పను?

“మొహమాటం,” అన్నాను.

మామయ్య గొంతులో నవ్వు కిచ్‌మంది. నేను గుడ్లురిమితే దగ్గుగా మార్చుకున్నారు. అత్తయ్య కత్తెర నా చేతిలో పెట్టారు. ఒక్క కోతకి ఆకు కచుక్కున తెగింది. అంచు శుభ్రంగా, తెల్లగా ఉంది.

మర్నాడు కొంగని మా ఆయనే అటక మీదికి ఎక్కించాడు. ఆరబెట్టిన ఆకుని గుచ్చడానికి పొడి మట్టి, ఇసుక తెచ్చాడు. నేనింకా ఆయనతో మాట్లాడటం లేదు. గ్రీజు చుక్క మాత్రం తుడిచాను. అది వేరే సంగతి.

ఇప్పుడు రోజూ మామయ్య కుండీ ముందు చేతులు వెనక్కి కట్టుకుని, వంగి మరీ చూస్తారు. నేను అటు వెళితే చాలు, రెండు చేతులూ పైకెత్తుతారు.

“నేనేం ముట్టుకోలేదమ్మా. చూస్తున్నానంతే. చూడొచ్చా?”

ఆకు ఇంకా గట్టిగానే ఉంది. నా కోపం కూడా.

“చూడండి,” అంటాను.