నాలుగేళ్ల నడుం నొప్పి

"ఊపిరి బిగించండి," అంది భార్య, బెల్టు రెండో అంచు లాగుతూ.

ఆయన బిగించాడు. నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే జరిగే తంతే ఇది. వెడల్పాటి నల్ల బెల్టు, లోపల నాలుగు ఉక్కు బద్దలు. నడుం నొప్పి ఉన్నవాళ్లు కట్టుకునేది. ఆయన నడుం మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఇవాళ ఆఖరి రోజు కదా, ఇవాళైనా విప్పేసి వెళ్లకూడదూ?"

"ఒక్క పూటకి ఎందుకులే. అబద్ధం ఆడితే అతికినట్టుండాలి."

"అతికింది, అతికింది. రేపు వదిలించడానికి మళ్లీ నేనే కావాలి," అంటూ ఆవిడ వీపు మీద ఒక్కటి తట్టి పంపింది.

పెద్దాసుపత్రి లాండ్రీలో ఆయన ముప్పై రెండేళ్లుగా ఇస్త్రీ చేస్తున్నాడు, ఇవాళ రిటైరవుతున్నాడు. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల తెల్లకోట్లు. ఆవిరి తగిలి తగిలి కనుబొమలు పల్చబడ్డాయి. కుడి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె అంచు కాల్చిన మచ్చ పెళ్లినాటి నుంచీ ఉంది. అక్కడ ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఉతికినా పోని మరక కనబడితే మడతలో దాచకూడదు. దాని పక్కన ఎర్ర దారం కుట్టి, మరక పైకి కనబడేలా మడిచి, మళ్లీ ఉతుకుకి పంపాలి. దాచిన మరక మీద ఇస్త్రీ పడిందంటే ఇక అది జన్మలో పోదు. కొత్తగా చేరినవాళ్లకి ఆయన మొదటిరోజు చెప్పే పాఠం ఇదొక్కటే.

అలాంటి మనిషి తన సంగతి మాత్రం దాచుకున్నాడు. నాలుగేళ్ల కిందట ఒక పొద్దున ఆయన మంచం మీంచి లేవలేకపోయాడు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. గోడవైపు తిరిగి పడుకుని మూడు నెలలు అలాగే ఉండిపోయాడు. అన్నం సయించలేదు. నేను లేకపోతే వీళ్లకే హాయి కదా అనిపించేది. భార్య చెయ్యి పట్టుకుని మనసు డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. మాత్రలు, వారంవారం మాటలు, సాయంత్రం నడక. ఒకరోజు టీలో పంచదార తక్కువైందని ఆయన విసుక్కుంటే ఆవిడ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది బావా, నడుం పట్టేసిందని చెప్పు," అన్నాడు బావమరిది, ఆయన తిరిగి పనిలోకి వెళ్లే ముందురోజు. బెల్టు కూడా అతనే కొనిచ్చాడు.

లాండ్రీలో అందరూ నమ్మారు. మూటలు మోసే మూటలాయన ఆయన్ని గలీబుల మూట కూడా ఎత్తనివ్వలేదు, పైగా నడుముకి రాసుకోమని నెలకో నూనె సీసా తెచ్చేవాడు. ఆయన పేరే 'నడుం బాబాయ్' అయిపోయింది. ఆ సీసా అందుకున్నప్పుడల్లా ఆయనకి తలెత్తబుద్ధయ్యేది కాదు.

ఇవాళ పది గంటలప్పుడు దొంతరలోంచి తీసిన దుప్పటి విప్పితే మడత లోపల గోధుమరంగు మరక ఉంది, దారం లేదు. ఉతికినవి మడతపెట్టే మడతలావిడ పని అది. పదేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా ఇలా చేయలేదు. గలగలా మాట్లాడే మనిషికి నెల రోజులుగా ఉలుకూ పలుకూ లేదు. ఆయన దుప్పటి పక్కన పెట్టేలోపు ఆవిడే వచ్చింది.

"బాబాయ్, మీరు వెళ్లిపోతున్నారుగా, ఆ బెల్టు నాకిచ్చి వెళ్తారా? ఈమధ్య నాకూ నడుం పట్టేస్తోంది. కొన్నాళ్లు సెలవు పెడదామనుకుంటున్నా."

"అన్నం తింటున్నావా అమ్మా?"

ఆవిడ గోడకేసి చూసింది. ఆ చూపు ఆయన ఎరిగినదే. బెల్టు చేతిలో పెట్టేసి పోతే తన పరువు దక్కుతుంది. ఆవిడ ఆ గోడవైపు తిరిగి పడుకుంటే తిప్పేవాళ్లెవరు?

"సాయంత్రం ఇస్తాలే," అన్నాడు. ఆ తర్వాత నాలుగు తెల్లకోట్లకి కాలర్లు తప్పుగా మడిచాడు.

నాలుగింటికి ఇస్త్రీ బల్ల మీదే టీ, బిస్కెట్లు పెట్టారు. పన్నెండు మందీ చుట్టూ చేరారు. మూటలాయన కాగితం చుట్టిన బహుమతి ఇచ్చాడు. విప్పకుండానే నూనె వాసన వేసింది. ఆయన లేచి నిలబడి బెల్టు అంచు పట్టుకు లాగాడు. బర్రుమని ఊడి వచ్చింది.

"నాకు నడుం నొప్పి లేదు. ఎప్పుడూ లేదు."

గోడ సంగతి, బతకాలనిపించని సంగతి, మాత్రల సంగతి వరసగా చెప్పాడు.

"అంటే పిచ్చా?" అన్నారెవరో మెల్లగా.

"ఏ పేరైనా పెట్టుకోండి. మందుంది, తగ్గింది. చెప్పడానికే నాలుగేళ్లు పట్టింది."

మూటలాయన నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "అయితే నాలుగేళ్లు మీ మూటలు నేనెందుకు మోశానన్నయ్యా?"

"తప్పే."

"తప్పంటే చాలదు. అదిగో, ఆ పెద్దది ఎత్తండి."

ఆయన వంగి, దుప్పట్ల మూట ఒక్క ఊపున భుజానికెత్తి, బల్ల చుట్టూ ప్రదక్షిణం చేశాడు. జనం పడీపడీ నవ్వారు. రెండో చుట్టులో ఆయనకీ నవ్వాగక మూట జారిపోయింది. మూటలాయన కళ్లు తుడుచుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"మోసినందుకు బాధ లేదన్నయ్యా. ముందే చెప్పుంటే ఆ నూనె ఖర్చు మానేసి, మీ పక్కన కూర్చునేవాణ్ణి కదా!"

మడతలావిడ ఒక్కర్తే నవ్వలేదు. బిస్కెట్ చేతిలో అలాగే పట్టుకుని ఉంది. "నాకూ నడుం కాదు బాబాయ్," అంది, అందరి ముందూ. అని భోరుమంది.

"తెలుసమ్మా. రేపు పొద్దున నేనూ మీ పిన్నీ మీ ఇంటికొస్తాం. ముగ్గురం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం."

"నీ దొంతరలు మేం చూసుకుంటాం, నువ్వు వెళ్లిరా," అన్నాడు మూటలాయన.

ఆవిడ ముక్కు తుడుచుకుంది, బిస్కెట్ తినేసింది. తర్వాత బెల్టు ఒళ్లోకి లాక్కుని, యూనిఫాం అంచుకి గుచ్చి ఉన్న సూది తీసి ఏదో కుట్టడం మొదలుపెట్టింది. నెల తర్వాత మొదటిసారి ఆవిడ పెదవి చివర నవ్వు కదిలింది.

గంట మోగింది. ఆయన పెట్టెలో మిగిలిన నీళ్లు వంపి, దాన్ని చల్లారేలా నిలబెట్టాడు. చొక్కా వదులుగా ఊగుతుంటే చేతులు ఊపుకుంటూ గేటు దాటాడు. ఇంటికెళ్లి భార్యకి చెప్పాలని తొందర.

బల్ల పక్క మేకుకి బెల్టు వేలాడుతోంది, దాని నట్టనడుమ, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా కుట్టిన ఎర్ర దారంతో.