మీ మంచికే వేసిన తాళం

నేను ఒక ఇత్తడి తాళాన్ని. అరచేయంత ఉంటాను. నన్ను పోతపోసినవాడు దొంగల కోసమని చేశాడు. కొన్నాళ్లు అనకాపల్లిలో బెల్లం గోదాముకు వేలాడాను. అక్కడ చీమల్ని కూడా ఆపలేకపోయాను. తర్వాత ఓ వృద్ధాశ్రమంవాళ్లు కొన్నారు. నాలుగేళ్లు ముసలివాళ్లను ఆపాను. సిగ్గులేని పని సులువుగానే ఉంటుంది.

గేటుకు ఎదురుగా టీకొట్టు. రోడ్డు దాటి అక్కడ టీ తాగాలని నూకాలమ్మ కోరిక. నలభయ్యేళ్లు రోడ్లకు కంకర మోసిన మనిషి. మేనేజరు చక్రధర్‌ను రోజూ అడిగేది.

"టీ లోపలే ఇస్తున్నాం కదమ్మా. బయట బళ్లు తిరుగుతుంటాయి. తాళం మీ మంచికే."

"మీరు పోస్తే తాగడం ఏరు బాబూ, నాను అడిగి తాగడం ఏరు. ఈ రోడ్డు ఏసిందే నాను. దాటడం నాకు తెల్దా?"

వృద్ధుల దినోత్సవం నాడు, ఫోటోలో పడతానని, నన్ను తీసి దాచారు. ముసలివాళ్లను వరసగా కూర్చోబెట్టి, తలో శాలువా కప్పి, తలో అరటిపండు చేతిలో పెట్టారు. ఫోటో అయ్యేదాకా పండు తినకూడదు. ముఖ్య అతిథి గంటసేపు వృద్ధుల స్వేచ్ఛ గురించి మాట్లాడి మరుగుదొడ్డికి వెళ్లాడు. మైకు సామాను ఆటోకెక్కించే హడావుడిలో, అందరూ వెళ్లిపోయారనుకుని, చక్రధర్ అలవాటుగా నన్ను వేసి, తాళంచెవి జేబులో పడేసి అదే ఆటోలో పోయాడు.

అతిథి వచ్చి గేటు ఊపాడు. "నన్ను లోపల పెట్టి తాళం వేస్తారా? ఇదేమన్నా జైలా?"

నూకాలమ్మ కుర్చీ జరిపింది. "కూకోండి బాబూ. మీ మంచికే. బయట బళ్లు తిరుగుతున్నాయంట. అరటిపండు తింతారా?"

పావుగంటలో ఆయన డ్రైవరు పలుగు తెచ్చి నన్ను విరిచాడు. నాలుగేళ్లుగా ఎవరికీ దొరకని పలుగు. అతిథి వెనక్కి చూడకుండా కారెక్కాడు. నూకాలమ్మ నన్ను దాటుకుని రోడ్డు మీదికి నడిచింది. అడిగి మరీ టీ తాగింది. పంచదార తక్కువని కొట్టువాణ్ణి తిట్టింది కూడా. ఆమె వెనక మరో నలుగురు వెళ్లారు.

చక్రధర్ కొత్త తాళంతో వచ్చాడు.

"అది ఏత్తే మేం లోపలికి రాం," అంది ఆమె, బెంచీ మీంచి లేవకుండా. "ఇక్కడే కూకుంతాం. అడిగినోళ్లందరికీ ఎందుకో చెప్తాం."

తాళం జేబులోకి పోయింది. అతనికి భయం వేసింది, అంతే. బుద్ధి రాలేదు. ఆ వారమే గేటుకు లోపలివైపు గడియ బిగించి, నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేశారు.

ఇది చదివి మీరు చక్రధర్‌ను తిడుతున్నారేమో. తీరిగ్గా తిట్టండి. ముందు, మీ ఇంట్లో ముసలాయన గదికి గడియ బయటవైపు ఎందుకుందో చెప్పండి.