ఫార్కర్ మూడేళ్ల విస్కీ

మా ఆయన ఫార్కర్‌కి నా మీదకన్నా పీపా మీదే ప్రేమ ఎక్కువని ఊరంతా అంటుంది. ఊరు అబద్ధమాడదు. పెళ్లిరోజు పొద్దున నేరుగా చర్చికి రావలసిన మనిషి, తను పనిచేసే విస్కీ బట్టీకి వెళ్లి, సొంతానికి కొనుక్కున్న ఓక్ పీపాని దగ్గరుండి నింపించుకుని, ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. అంతసేపూ నేను చర్చి గుమ్మంలో వానలో తడిశాను. యాభై ఏళ్లవుతున్నా మరిచిపోలేదు.

ఏటా ఆ రోజున ఆ పీపా ఉన్న బట్టీ గోదాముకి వెళ్లేవాడు. రాగి గొట్టంతో గుక్కెడు తీసి, పది నిమిషాలు వాసన చూసి, ఒక్క చుక్క నీళ్లు వేసి, మళ్లీ వాసన చూసి, అప్పుడు చప్పరించేవాడు. "బాగుంది. ఇంకో ఏడాది ఆగుదాం." కూతురి పెళ్లికీ అదే మాట, మనవరాలి బాప్తిస్మానికీ అదే మాట.

"నువ్వు ఆగుతున్నావు సరే, దేవదూతలు ఆగడం లేదయ్యా," అనేదాన్ని. పీపాలోంచి ఏటేటా ఆవిరైపోయేది దేవదూతల వాటా అని మా వాళ్ల లెక్క.

ఈ వసంతంలో, మా పెళ్లి స్వర్ణోత్సవానికైనా దాన్ని సీసాల్లో పోయిద్దామని పట్టుబట్టి నేనూ వెంట వెళ్లాను. మా మనవరాలు మార్సలీ అదే బట్టీలో విస్కీ కాస్తుంది. పీపాని తట్టింది. బోలుగా మోగింది. కొంచెం తీసి అందులో గాజు గొట్టం తేలేసి ఆల్కహాలు బలం కొలిచింది, మళ్లీ కొలిచింది.

"తాతా, సరిగ్గా నలభై శాతం."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నలభై కిందికి జారితే, చట్టం ప్రకారం అది విస్కీయే కాదు. బట్టీలో సీసాలు నింపే రోజు ఇంకా ఆరు వారాల దూరంలో ఉంది, అప్పటికి జారకుండా ఉండదు.

"అప్పుడు దాన్నేమంటారే?" అన్నాను.

"ఏమీ అనరు అమ్మమ్మా, దానికి పేరే ఉండదు. ఒక్కటే దారి. ఇప్పుడే బలమైన విస్కీ కొంచెం కలపాలి. నా పీపా ఉందిగా, అరవై శాతం."

అది మార్సలీ మూడేళ్ల కిందట తన చేతుల మీదుగా కాచిన మొదటి విస్కీ. పోయిన క్రిస్మస్‌కి ఆయన దాన్ని రుచి చూసి, గుర్రపు డెక్కలకి రాయడానికి పనికొస్తుందన్నాడు. పిల్ల రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు.

"కలిపితే ఏం రాయాలో తెలుసా?" అని ఎగిరాడు ఫార్కర్. "అందులో అన్నిటికన్నా చిన్నదాని వయసే సీసా మీద వెయ్యాలి! గరిటెడు కలిపినా మూడేళ్లే! యాభై ఏళ్లు కాచుకున్నది మూడని రాయించుకోడానికా?"

"అయితే ఆ పేరులేనిది నువ్వే తాగు," అన్నాను. నాకు ఒళ్లు మండింది.

ఆయన మట్టినేల మీద కూలబడ్డాడు. "నీది కొంచెం తియ్యవే," అన్నాడు మార్సలీతో. వాసన చూశాడు. చుక్క నీళ్లు వేశాడు. మళ్లీ వాసన.

"డెక్కల మాట తప్పే," అన్నాడు చివరికి. "కలిపెయ్యి."

స్వర్ణోత్సవం రోజున నేను చర్చి హాలుకి వెళ్లేసరికి, ఆయన గుమ్మంలో వానలో నిలబడి ఉన్నాడు. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి, చంకలో సీసా.

"ఎంతసేపయింది?"

"ఇరవై నిమిషాలు. నువ్వొచ్చేదాకా మూత తియ్యలేదు."

"ఇంకో ఏడాది ఆగొద్దూ?"

"నోర్మూసుకుని తాగు, ఇష్బెల్."

తాగాను. తేనె, పొగ, ఎండిన ఆపిలు పండు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

లోపల పాస్టరు గారు ఒక గుక్క వేసి, సీసా మీద చీటీ చూసి, గ్లాసు చూసి, మళ్లీ చీటీ చూశారు. "ఇది మూడేళ్లదా, ఫార్కర్?"

హాలంతా ఇటు తిరిగింది. యాభై ఏళ్ల గొప్ప ఇప్పుడు బయటికొస్తుందని నేను కాచుకుని ఉన్నాను.

"మూడేళ్లదే పాస్టరు గారూ," అన్నాడు ఫార్కర్. "మా మనవరాలు కాచింది."