పెద్దసారు చర్మంలో చావులేని కణాలు

కణాల ల్యాబు నడిపే పెద్దసారుకి చావంటే గిట్టదు. అందుకని మోచేతి మీది చర్మం గోరంత తీయించి, ఆ కణాలను ఓపికమ్మ చేతికిచ్చి చావకుండా పెంచమన్నారు. ఓపికమ్మ ఆ ల్యాబులో ఆరేళ్ళుగా థీసిస్ రాస్తూనే ఉన్న విద్యార్థిని. కణాలు నిలిస్తే ఆమెకు పట్టా. లేకపోతే ఇంట్లో అత్తగారి పలకరింపు: "ఇంకా ఆ డబ్బాల్లోవి ఎదగలేదటమ్మా?"

మామూలు కణం మహా బుద్ధిమంతురాలు. వృద్ధి కారకమనే ప్రోటీను వచ్చి బయట తలుపు తట్టి "ఊఁ, కానియ్" అంటే తప్ప రెండుగా చీలదు. ఓ యాభై సార్లు చీలాక ఎవరు తట్టినా తలుపు తియ్యదు. పెద్దసారు కణాలు ముప్పై సార్లకే చతికిలపడ్డాయి. ఓపికమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

ఓ శుక్రవారం పెద్దసారు అతిథులను వెంటేసుకొచ్చారు. ఆయన కణాలకు పోసే పోషక ద్రవం అయిపోయింది. పక్క బల్ల మీద కణితి కణాలకు వాడే సీసా అందుకుని, స్వహస్తాలతో పోసేశారు. ఒక్కో రకానికి ఒక్కో సీసా అని గోడకు కాగితం అంటించిందీ ఆయనే. అబ్బే, నియమాలు పిల్లకాయలకు గానీ పెద్దసార్లకు ఎందుకూ!

పది రోజుల్లో డబ్బా కిటకిటలాడింది. వృద్ధి కారకం ఆపేసినా పెరుగుదల ఆగలేదు.

"చూశావా, నా రక్తంలోనే ఉంది!" అని ఆయన మురిసి ముక్కలయ్యారు. సభ పెట్టించారు, విలేకరులను పిలిచారు.

సభకు ముందురోజు, కణాలు ఎవరివో తేల్చే గుర్తింపు పరీక్ష ఫలితం వచ్చింది. ఓపికమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. నోరు మూసుకుంటే పట్టా చేతికొస్తుంది. అయినా కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

"ఇవి మీ కణాలు కావండీ. పక్క బల్ల సీసాలోంచి వచ్చినవి. ఎవరో ఆవిడ కణితివి."

"ఛ! మరి నావో?"

"మీవి ఎప్పుడో ఆగిపోయాయి సార్. ఆ కాస్త చోటూ ఇవి ఆక్రమించేశాయి."

పెద్దసారు కాగితం తిరగేసి మరగేసి చూశారు. "ఎవరావిడ? ఉందా?"

"పోయి నలభై ఏళ్ళయిందట. పేరు ఎక్కడా రాయలేదండీ."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సభ వద్దని చెప్పు," అన్నారు చివరికి. తర్వాత, ఆరేళ్ళలో మొదటిసారి అడిగారు: "మరి నీ థీసిస్?"

"మళ్ళీ మొదటి నుంచే సార్," అంది ఓపికమ్మ కళ్ళు తుడుచుకుంటూ.