కప్పనోరు కాజా

కాజాల పిన్నికి చూపు మందగించింది. కోట్లు కుట్టే దుకాణంలో ఏళ్ల తరబడి కిటికీ పక్కన కూర్చుని, బొత్తాలు దూరే కాజాలన్నీ చేత్తో కుట్టిన మనిషి నెలాఖరుకి మానేస్తోంది. ఆ కుర్చీ మీద అదే దుకాణంలో పనిచేసే కొత్త పెళ్లికూతురి కన్ను పడింది. ఇప్పుడామె చోటు వెనక గదిలో, ఇస్త్రీ ఆవిరి మధ్య, ప్యాంట్ల అంచులు కుట్టే మిషను ముందు.

"పిన్ని వెళ్లేరోజు నీ కాజాలు చూపించు. ఒకేలా వస్తే కుర్చీ నీది. లేదంటే బయటినుంచి మనిషిని తెచ్చుకుంటా" అన్నారు టైలరు మాస్టారు.

ఆ సాయంత్రం ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. రోజుకో కాజా కుట్టి చెయ్యి తిప్పుకోవాలని సన్న సూదులు, నీలం గుడ్డ పీలిక, మెరిసే బుల్లి కత్తెర కొనుక్కొచ్చింది. కత్తెరని మొగుడికి నాలుగుసార్లు చూపించింది. లిఫ్టులు బాగుచేసే ఆ మొగుడు నాలుగుసార్లూ కొత్తగా ఆశ్చర్యపోయాడు. పెళ్లయి ఇంకా రెండు నెలలే మరి!

రెండోరోజుకి ఉత్సాహం సగమైంది. ఆ తర్వాత అదీ లేదు. పగలంతా మిషను మీద వంగిన నడుము ఇంటికి రాగానే మంచం వెతుక్కునేది.

"పోనీలే, పాపం, పడుకో" అని ఆయన దుప్పటి కప్పేవాడు. పొద్దున టీ కూడా మంచం దగ్గరికే తెచ్చేవాడు. ఆయన భుజానికి ఆనుకుని, గోడ మీద పాకే ఎండని చూస్తూ టీ తాగుతుంటే బద్ధకం కూడా ముద్దొచ్చేది. పీలిక మాత్రం కుర్చీ మీద అలాగే వేలాడేది.

"మనసు రావట్లేదండీ. వస్తే గబగబా కుట్టేస్తా."

"వస్తుందిలే. ఎక్కడికి పోతుంది?"

ఎక్కడికి పోయిందో గానీ రాలేదు. నెలాఖరు మాత్రం వచ్చేస్తోంది.

ఒక ఉదయం ఆమె లేచేసరికి ఆయన వేలు నోట్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. పీలిక మీద ఒక కొత్త కాజా, అచ్చం కప్ప నోరు తెరిచినట్టు!

"ఏంటండీ ఇది?"

"ఆదమరిచి నిద్రపోతున్నావు, లేపబుద్ధి కాలేదు. ఇవాళ్టిది నేను కుట్టేద్దామని..."

"మీరు కుడితే నా చెయ్యి తిరుగుతుందా?"

"తిరగదా?" అన్నాడు, సూది గుచ్చుకున్న వేలు చూసుకుంటూ.

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది: "మీకు కుట్టాలనిపించిందా?"

"నాకా? సూదంటేనే భయం."

"మరెలా కూర్చున్నారు?"

"కూర్చున్నాను, అంతే. లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే నాకు మూడ్ ఉందా అని ఎవరడుగుతారు? లోపల మనుషులుంటారోయ్."

ఆమె జుట్టు ముడేసుకుంటూ అంది: "రేపట్నించి కాజా కుట్టేదాకా నాకు టీ ఇవ్వకండి. జాలిపడ్డారో, ఊరుకోను."

"సరే. అయితే నేనూ తాగను."

మర్నాడు బల్ల మీద రెండు కప్పులు, వాటి మీద సాసర్లు. మనసు రాలేదు. అయినా ఆవలింతల మధ్యే సూదిలో దారం ఎక్కించింది.

"చల్లారిపోతోందోయ్."

"కళ్లు అటు తిప్పండి."

"అటు కూడా టీయే కనిపిస్తోంది."

కాజా వంకరగా వచ్చింది. టీ చల్లగానే తాగారు. ఆ మర్నాడూ అంతే. ఒక్కోరోజు సగం కాజా అయ్యాక ఇష్టం మెల్లగా వచ్చి పక్కన కూర్చునేది. చాలా రోజులు అసలు వచ్చేదే కాదు. కాజాలు మాత్రం వచ్చేవి. రానురాను టీ వేడిగానే దొరకసాగింది.

పిన్ని వెళ్లేరోజు మాస్టారు పీలికని వెలుగులో పెట్టి, ఒక్కో కాజా మీదుగా వేలు జరుపుకుంటూ పోయారు. చివరి కాజాల దగ్గర వేలు ఎక్కడా ఆగలేదు. ఆయన మళ్లీ వెనక్కొచ్చి కప్పనోరు మీద వేలు పెట్టారు.

"ఇదెవరు కుట్టారు?"

"మా ఆయనండి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కుర్చీ నీది. ఆయన్ని మాత్రం నా దుకాణం గడప తొక్కనివ్వకు."

పిన్ని పకపకా నవ్వి, కుర్చీలో దిండు సర్ది లేచింది.

సాయంత్రం ఈ సంగతంతా విని మొగుడు ఛాతీ విరుచుకున్నాడు. "అయితే మాస్టారు నా కాజా చూసి మరీ ఆగారన్నమాట!"