బండి నడిపిందెవరు

కామారెడ్డిలో ఒక పెద్ద ఆసుపత్రి వందనను స్టాఫ్ నర్సుగా తీసుకుంటామంది. సర్టిఫికెట్లు చూపించమని పిలిచిన రోజే ఆమె చేతిలో ప్రమాదం జరిగింది.

అది 2012 చలికాలం. నర్సింగ్ చదువు పూర్తయిన ఏడాదే. ఎల్లారెడ్డి దగ్గరి తమ ఊళ్లో బస్సు తప్పిపోవడంతో అన్న యేసుబాబు మోపెడ్ తీసుకుని కామారెడ్డికి బయల్దేరింది. లైసెన్సు లేదు. లింగంపేట దాటాక మలుపులో లారీని దాటబోయి, రోడ్డు వారన భార్యతో నడిచిపోతున్న లింబ్యాను వెనక నుంచి గుద్దింది.

లింబ్యాది పక్క తండా. కాలి ఎముక విరిగి చర్మం కింద పొడుచుకొచ్చింది. వందన తన మోకాలి రక్తం కూడా చూసుకోకుండా రెండు కర్రలు పెట్టి, చున్నీతో కాలు కట్టింది. 108కు ఫోన్ చేసింది. "కదిలియ్యకు అక్కా, తల పట్టుకో" అని లింబ్యా భార్య చంద్రికి చెప్పింది. లింబ్యాను చేర్చిన కామారెడ్డి సర్కారు ఆసుపత్రికి వచ్చిన కానిస్టేబుల్ వివరాలేమీ అడగకుండా, వాంగ్మూలం ఇవ్వడానికి ఎల్లుండి లింగంపేట స్టేషన్‌కు రమ్మన్నాడు.

ఇంట్లో యేసుబాబు అంతా విని, "బండి నాది. నేనే నడిపిన అని చెప్త" అన్నాడు.

"నీ దుబాయి?"

"దుబాయి ఇయ్యాల గాకుంటే రేపు అయితది. నీ నౌకరి పోతే మల్ల రాదు."

అతని పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరుంది. వీసా కోసం చూస్తున్నారు. కేసు పడితే అతన్ని ఎవరూ పంపరని వందనకు తెలుసు. తల్లి గంగామణి మాత్రం, "ఆ తండా ఆమె చూసింది గద. ఆమె ఏమంటదో" అంది.

ఆ మాటతో వందన మర్నాడే కామారెడ్డి సర్కారు ఆసుపత్రికి వెళ్లింది. లింబ్యా కట్టుతో మంచం మీద నిద్రపోతున్నాడు. చంద్రి కింద కూర్చుని ఉంది. వందన పక్కన కూర్చుంది. నిద్రలో ఉన్న లింబ్యాను ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, నా మీద కేసుంటే నౌకరి ఇయ్యరు. బండి మా అన్న నడిపిండని చెప్తవా?"

"చెప్పమంటే చెప్త" అంది చంద్రి.

వందన ఆమె ముఖం చూసింది. "నా మీద కోపం లేదా?"

"కోపమొస్తే ఏం జేస్త చెల్లె? ఏటా ఇద్దరం చెరుకు కోతకు పోతం. ఈయేడు కూలోళ్లను మాట్లాడే ముకద్దం మా జాగల వేరే జంటను తీస్కపోయిండు. పిల్లలకు ఏం పెట్టాల్నో తెలుస్తలేదు. నువ్వన్నా నర్సువైతే ఈయన కాలు చూడనీకి ఒక మనిషి ఉంటది."

వందన లేచింది. మెట్ల మీదికి వెళ్లి, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చింది.

మర్నాడు స్టేషన్లో యేసుబాబు నోరు తెరిచేలోపే, "నేనే నడిపిన సార్. లైసెన్సు లేదు" అంది. అతను ఆమె మోచెయ్యి గట్టిగా నొక్కాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. కేసు ఆమె పేరు మీదే రాసుకున్నారు.

తనకు ఉద్యోగమిస్తామన్న ఆసుపత్రిలో నియామకాలు చూసే లక్ష్మీరాజానికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"నౌకరిచ్చేముందు చేసే పోలీసు ఎంక్వైరీల అది బయట పడతది బిడ్డా. కేసు తేలినంక రా. ఖాళీ ఉంటే చూద్దాం."

"ఎప్పుడు తేలుతది సార్?"

"అది నేనెట్ల చెప్త?"

ఆ పోస్టు ఇంకొకరికి పోయింది. కామారెడ్డిలో చిన్న నర్సింగ్ హోమ్‌లన్నీ తిరిగింది. వాయిదాలకు సెలవులు అడుగుతావని ఒకరు, పేషెంట్లకు తెలిస్తే బాగుండదని ఒకరు పంపేశారు. తర్వాత అడగడం మానేసింది. యేసుబాబు వీసా రావడంతో దుబాయి వెళ్లిపోయాడు. వందన తల్లితో నాట్లకు పోయింది. బురదలో వంగినప్పుడల్లా, తను నేర్చుకున్నది ఒక్కొక్కటే మర్చిపోతున్నానేమోనని భయం వేసేది.

ఎండాకాలంలో ఎల్లారెడ్డి కోర్టుకు సాక్షులుగా లింబ్యా, చంద్రి వచ్చారు. అతను చేతికర్ర మీద కుంటుతున్నాడు. వాయిదా మళ్లీ పడింది. వరండాలో చంద్రి అడిగింది.

"నౌకరి దొరికిందా చెల్లె?"

"లేదక్కా."

 చంద్రి కొంచెం జరిగి, నీడలో ఆమెకు చోటిచ్చింది.