వెనక సీటు

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి జీవరాజు ఎయిరేటరుని తిడుతున్నాడు. రొయ్యల చెరువుకి గాలి కలపడానికి రాత్రంతా తిరగాల్సిన ఆ చక్రం తెల్లారేసరికి మొరాయించింది.

"నీ తస్సాదియ్యా, నీకు ఆదివారమే దొరికిందా?" అంటూ రెక్కలకి చుట్టుకున్న నాచుని పీకి గట్టు మీదకి విసిరికొట్టాడు.

నాచు ముద్ద భార్య ఆశాజ్యోతి కాళ్ళ దగ్గర పడింది. చర్చికి వెళ్ళే చీర కట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా చేతి మీద వేసుకుని నిలబడి ఉంది.

"ఈ వారం కూడా ఆరాధనకి రారా?"

"రాను. ఇవాళ ఎగరాలి."

"ఎగిరేది గున్నేశ్వరరావు గారు. మీరు వెనక కూచునేది."

"బస్సులో వెనక కూచున్నవాడు ఊరు చేరడా ఏంటి?"

"సరే, ఎగరండి. మీ తిట్లు ఇవాళ దేవుడికి దగ్గర్నుంచి వినపడతాయి" అని ఆమె నవ్వింది. జీవరాజు నవ్వలేదు. చక్రం తిరిగింది కాబట్టి తిట్టడం మాత్రం ఆపాడు.

అరవైకి దగ్గరపడ్డ మనిషి. పొట్టి, దొడ్డికాళ్ళు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని కాలివేళ్ళ సందులు తెల్లగా పాసిపోయాయి. వెల్డింగు రవ్వ పడి ఎడమ కనుబొమ్మ సగం కాలిపోయింది, మళ్ళీ మొలవలేదు. మొగల్తూరు నుంచి సముద్రం దాకా ఉన్నవన్నీ వరిచేలుగా ఉన్న రోజుల్లో ఆయిలింజన్లు బాగుచేసేవాడు. చేలు చెరువులయ్యాక ఎయిరేటర్ల పనిలోకి దిగాడు. ఆయిలింజను బోల్టులు వదులై దిమ్మ మీద ఎగిరిపడుతుంటే అందరూ వెనక్కి పోయేవాళ్ళు. జీవరాజు మాత్రం బూతులు తిడుతూ వెళ్ళి దాని మీద ఛాతీ ఆనించి, బరువంతా మోపి, ఎవరో ఒకరు బోల్టులు బిగించేదాకా అలాగే పడుకునేవాడు. అతనికి కోపం వచ్చిందంటే పని మొదలైనట్టేనని ఊళ్ళో అనుకునేవారు.

ఆ చుట్టుపక్కల అతను దిగని చెరువు లేదు. అన్నిటినీ బురదలోంచే చూశాడు. ఒక్కసారి పైనుంచి చూడాలని అతని కోరిక. ఇలాంటి కోరిక ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడి భార్యతో కూడా కోపంగానే చెప్పాడు.

ఆ కోరిక పుట్టించింది గున్నేశ్వరరావు. రొయ్యల మేత వ్యాపారి. వీడియోలు చూసి జైరోప్లేను కడదామని పూనుకున్నాడు. వెనకున్న ఫ్యాను తోస్తుంటే, నెత్తి మీది రోటరు గాలికి తిరుగుతూ పైకి లేపే చిన్న విమానం అది. గొట్టాలన్నీ వెల్డింగు చేసింది జీవరాజే. "అందరివీ రెండు రెక్కల రోటర్లు. మనది మూడు రెక్కలు" అని గున్నేశ్వరరావు మురిసిపోయేవాడు. వెల్డింగు కుదిరిన ప్రతిసారీ "మనవాళ్ళందరి ముందూ ఎగిరే రోజున వెనక సీటు నీదే" అనేవాడు.

ఆ రోజు వచ్చింది. సొంతంగా జైరోలు కట్టుకున్నవాళ్ళు ఏటా ఒకచోట చేరి ఎగురుతారు. ఈసారి గున్నేశ్వరరావు రెండు చెరువులు పూడ్పించి, రోలరు తొక్కించి, అందరినీ తన దగ్గరికే పిలిచాడు.

జీవరాజు వెళ్ళేసరికి నేల చిత్తడిగా ఉంది. రాత్రి వాన పడింది. వాన పడితే ట్రాక్టరు టైర్లలో గాలి తీసి చేలో దింపడం అక్కడ అందరికీ అలవాటు. మెత్తబడ్డ టైరు బురదలో దిగబడదు. జీవరాజు జైరో టైర్లలో కూడా బొటనవేలు దిగేంత గాలి తీశాడు. ఎడమవైపు బురద ఎక్కువగా ఉందని అటు ఇంకాస్త తీశాడు. చెయ్యి కడుక్కుని, ఆశాజ్యోతి ఇచ్చిన తెల్ల చొక్కా తొడుక్కున్నాడు.

షామియానాలో పైలట్లందరికీ మీటింగు జరుగుతోంది. శ్రీదివ్య అనే పైలట్ అమ్మాయి తెర మీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో ఏదో గట్టిగా హెచ్చరిస్తోంది. జీవరాజు గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఇది ఎగిరేవాళ్ళకయ్యా. నువ్వెళ్ళి రన్‌వే మీదకి గేదెలు రాకుండా చూడు" అన్నాడు గున్నేశ్వరరావు.

"నేనూ ఎగిరేవాణ్ణే కదండీ!"

గున్నేశ్వరరావు అతన్ని భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. "అదే చెబుదామనుకుంటున్నా. మా వినయ్ వెనక కూచుని వీడియో తీస్తాడంట. అల్లుడు కదా, కాదనలేను. నువ్వు సాయంత్రం ఎక్కుదువుగాని."

"సాయంత్రం గాలి ఎక్కువుంటదని మీరే అన్నారు."

"అయితే రేపు."

"రేపటికి వీళ్ళంతా ఎళ్ళిపోతారు. మీరు దీని మీద పట్టా కప్పేస్తారు."

"ఏంటయ్యా నీ గోల? ఒక్క పూట ఎగరకపోతే చచ్చిపోతావా?"

వినయ్ హెల్మెట్ తగిలించుకుంటూ వచ్చాడు. నిండుగా ఉండే మనిషి. "అంకుల్, మీరెక్కితే ఇది లేస్తుందంటారా?"

"తమరెక్కితే లేచిందంటే నేనెక్కినా లేచుద్ది లెండి" అని జీవరాజు గిర్రున తిరిగాడు. గేదెల దగ్గరికి వెళ్ళలేదు. గట్టు మీద గడ్డి పీక్కుంటూ కూర్చున్నాడు. ఎగరడానికని తొడుక్కున్న తెల్ల చొక్కాని చూసుకుంటే ఒళ్ళు మండిపోయింది.

ఇంజను లేచింది. రోటరు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. వేగం అందుకునేసరికి జైరో ఎడమకి ఒరిగి కుడికి ఊగింది. పైన రెక్కల ఊపు, కింద మెత్తటి టైర్ల ఊపు ఒకదాన్నొకటి అందుకున్నాయి. ఉయ్యాలని సరిగ్గా వెనక్కొచ్చినప్పుడల్లా తోసినట్టు ఒక్కో ఊపూ ముందుదానికంటే పెద్దదయింది. చక్రాలు నేల విడిచి ఎగిరిపడుతున్నాయి. "కట్ చెయ్యండి!" అని శ్రీదివ్య అరిచింది. గున్నేశ్వరరావు కొయ్యబారిపోయాడు. జనమంతా వెనక్కి పరిగెత్తారు.

జీవరాజు ముందుకు పరిగెత్తాడు.

"ఆగవే, నీయమ్మ!" అంటూ ఎగిరిపడుతున్న ఎడమ చక్రం గొట్టం మీద ఛాతీ ఆనించి బరువంతా మోపాడు. అతను వెల్డింగు చేసిన గొట్టమే. అది ఒక్క పోటు పొడిచి అతన్ని అవతలికి విసిరేసింది. జైరో పక్కకి పడింది. రెక్కలు నేలకి కొట్టుకుని తునకలైపోయాయి.

గున్నేశ్వరరావు, వినయ్ మోచేతులు గీసుకుని బయటపడ్డారు. అందరూ వాళ్ళ చుట్టూ మూగారు. తర్వాత జైరో చుట్టూ మూగి ఫొటోలు తీసుకున్నారు. జీవరాజు తనంతట తనే లేచి షామియానా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

గున్నేశ్వరరావు అక్కడికే వచ్చాడు. "నిన్నెవడు రమ్మన్నాడయ్యా మీదకి? పొద్దున్న అంతసేపు చెప్పింది ఇదే కదా! అది వణికితే ఇంజను ఆపాలి, ఎవరూ దగ్గరికి పోకూడదు!"

"నాకెవరు చెప్పారండి?"

గున్నేశ్వరరావు విరిగిన జైరో వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాటాక మిగతా జైరోలు మళ్ళీ ఎగరసాగాయి. శ్రీదివ్య నీళ్ళ సీసా తెచ్చి అతని పక్కన కూర్చుంది. తెలుగమ్మాయే, వాళ్ళది తుని. "టైర్లలో గాలి తీశారా బాబాయ్ గారూ?"

"తీశాను. బురదలో దిగబడతాదని." ఆమె వైపు తిరిగి, "అందుకేనా?" అన్నాడు.

"అదొకటి. ఆ మూడు రెక్కలు ఇంకొకటి, రెండు రెక్కలదైతే ఇలా ఊగిపోదు. తప్పు ఒక్కరిది కాదండి. దెబ్బ తగిలిందా?"

"దెబ్బలు నాకు కొత్తా?" చొక్కా లోపల ఛాతీ మంట పెడుతోంది. చెబితే ఆసుపత్రి అంటారు. అవతల ఆగి ఉన్న ఆమె జైరో నీడ అతని కాళ్ళ దాకా వచ్చింది. "మీ దాంట్లో వెనక సీటు ఖాళీయేనా?" అన్నాడు, పోట్లాటకి దిగినట్టు.

ఆమె లేచింది. "రండి. కానీ జేబులు ఖాళీ చెయ్యాలి. ఏదైనా జారిందంటే వెనక ఫ్యానులో పడుతుంది."

జీవరాజు జేబుల్లో ఉన్నవన్నీ తీసి కుర్చీలో పెట్టాడు. అతను వెల్డింగు చెయ్యని ఆ జైరో నేల మీద పరిగెత్తి, వణకకుండా లేచింది.

చెరువులన్నీ కింద కనిపించాయి. కడిగి బోర్లించకుండా ఎండలో పరిచిన స్టీలు పళ్ళేల్లా సముద్రం దాకా పరుచుకుని ఉన్నాయి. ప్రతిదాంట్లోనూ ఎయిరేటర్లు తిరిగే చోట తెల్లటి నురగ. తన చెయ్యి పడని నురగ ఒక్కటీ లేదు. ఊపిరి సరిగా ఆడటం లేదు. అయినా ఒక్కో చెరువునీ దాని యజమాని పేరుతో పిలుచుకుంటూ చూశాడు.

కాలవ పక్కన ఒక చెరువులో నురగ లేదు.

"ఆగిపోయిందే! రొయ్యలు చచ్చిపోతాయి, ఒక్కడైనా చూసుకోడా? దించండమ్మా, ముందు దించండి!"

హెల్మెట్‌లో ఆ తిట్లు విని శ్రీదివ్య నవ్వింది. ఒక చుట్టు తిప్పి దింపింది. కిందికి వస్తున్నంతసేపూ అతను మాట్లాడలేదు. చూస్తున్నాడనుకుంది. దిగాక బెల్టు విప్పుకోలేదు. గడ్డం ఛాతీ మీదకి వాలి ఉంది, ఊపిరి లేదు. తెల్ల చొక్కా కింద చర్మం నల్లగా కమిలిపోయి ఉంది.

ఆశాజ్యోతి చర్చి చీరలోనే వచ్చింది. ఏడవలేదు. ఎలా జరిగిందో ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకుని గున్నేశ్వరరావు ముందు నిలబడింది.

"పొద్దున్న మీటింగులో ఏం చెప్పారండి?"

"వణికితే… ఎవరూ దగ్గరికి పోవద్దని."

"ఆ ఒక్క ముక్క మా ఆయనకి తెలుగులో చెప్పడానికి ఎంతసేపు పట్టుద్దండి?"

ఆయన తల దించుకున్నాడు. ఆమె ఆ తలని చాలాసేపు చూసింది, ఎత్తేదాకా కదలనన్నట్టు. ఆయన ఎత్తలేదు. అంబులెన్సు వచ్చింది.

సాయంత్రం షామియానా వాళ్ళు గుడ్డలు విప్పి, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చి ట్రక్కులోకి ఎక్కించారు. ఒక్క కుర్చీ దగ్గర ఆగి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, దాన్ని అలాగే వదిలేసి వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఆ నేల మీద, ఆ కుర్చీలో, ఒక బీపీ మాత్రల అట్ట, గ్రీజు పట్టిన జేబురుమాలు, పట్టుకునే చోట సైకిలు ట్యూబు ముక్క బిగించి చుట్టిన స్పానరు ఒకటి, ఆ రబ్బరు మీద నాలుగు వేళ్ళ గుంటలు.